మన బే, మన కారు, వాళ్ళ టికెట్: యూకే ఫ్లాట్లలో ప్రైవేట్ పార్కింగ్ ఛార్జ్ వస్తే ఏం చేయాలి?

ఈ ఎపిసోడ్ యూకేలో ఫ్లాట్లలో ఉండే మనవాళ్ళ కోసం. నేను చెప్పేది ఇంగ్లాండ్, వేల్స్ రూల్స్ గురించి. స్కాట్లాండ్, నార్తర్న్ ఐర్లాండ్‌లో చట్టం వేరు, అక్కడున్నవాళ్ళు ఇందులోని గడువులు యథాతథంగా తీసుకోవద్దు. ఇంకోటి, నేను బీటెక్ చదివినోడిని, లాయర్‌ని కాదు. కోర్టు దాకా వెళ్తే సిటిజన్స్ అడ్వైస్ వాళ్ళు ఫ్రీగా సలహా ఇస్తారు, వాళ్ళని అడగండి.

సరే, విషయంలోకి వెళ్దాం. రెంట్ మీరు కడుతున్నారు. ఫ్లాట్‌తో పాటు ఓనర్ ఒక పార్కింగ్ బే ఇచ్చాడు. అందులో మీ కారే ఉంది. పొద్దున్నే కిందికి దిగితే అద్దం మీద పసుపు కవరు. లేదా వారం తర్వాత పోస్టులో ఒక లెటర్. "పార్కింగ్ ఛార్జ్ నోటీస్, 100 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 60." ఎందుకయ్యా అంటే, పర్మిట్ డ్యాష్‌బోర్డ్ మీద సరిగ్గా కనపడలేదంట!

60 పౌండ్లంటే ఇక్కడ స్టూడెంట్‌కి దాదాపు ఐదు గంటల పని. వారానికి 20 గంటలకు మించి చేయనివ్వని వీసా మీద ఉన్నోడికి అది నాలుగో వంతు సంపాదన. అయినా చాలామంది కట్టేస్తారు. ఎందుకంటే భయం. "అన్నా, వీసాకి ప్రాబ్లమ్ అవుద్దా?" అని అడిగే మెసేజ్‌లే నాకు ఎక్కువ. ఆ ప్రశ్నకి సమాధానం ఉంది, కాస్త ఆగండి, అక్కడికే వస్తాను.

ముందు ఆ కాగితం అసలేంటో చూద్దాం. కౌన్సిల్ వేసేది పెనాల్టీ ఛార్జ్ నోటీస్. దాని వెనక చట్టం ఇచ్చిన అధికారం ఉంటుంది. ప్రైవేట్ కంపెనీ పంపేది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. రెండింటినీ పొట్టిగా పీసీఎన్ అనే అంటారు, కలర్లు, డిజైన్ కూడా అలాగే ఉంటాయి. అది యాదృచ్ఛికం అని నేనైతే నమ్మను. ప్రైవేట్ కంపెనీ పంపేది ఒక బిల్లు లాంటిది. "మా బోర్డు మీద షరతులున్నాయి, మీరు కారు పెట్టారంటే ఒప్పుకున్నట్టే, షరతు తప్పారు కాబట్టి డబ్బు కట్టండి" అనేది వాళ్ళ వాదన. అంటే ఇది కాంట్రాక్ట్ గొడవ. పోలీసులకి సంబంధం లేదు, క్రిమినల్ రికార్డ్ అనేదే లేదు. ప్రైవేట్ స్థలంలో చక్రానికి క్లాంప్ వేయడం కూడా 2012 అక్టోబర్ నుంచి ఇక్కడ నేరం.

అలాగని చించి చెత్తబుట్టలో వేయమని చెప్పట్లేదు. పాత ఫోరమ్‌లలో "ఇగ్నోర్ చేసెయ్" అని ఇప్పటికీ కనిపిస్తుంది. అది చాలా పాత సలహా. 2012లో ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ వచ్చాక, నడిపింది ఎవరో తెలియకపోయినా కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ దగ్గర వసూలు చేసే దారి దొరికింది కంపెనీలకి. ఆ పేరు, అడ్రస్ డీవీఎల్ఏ దగ్గర కొనుక్కుంటారు. ఒక్కో రికార్డుకి రెండున్నర పౌండ్లు. ఆ తర్వాత 2015లో సుప్రీంకోర్టు పార్కింగ్‌ఐ వర్సెస్ బీవిస్ కేసులో కంపెనీ వైపు తీర్పిచ్చింది. చెమ్స్‌ఫర్డ్‌లో ఒక రిటైల్ పార్క్, రెండు గంటలు ఫ్రీ. బీవిస్ 56 నిమిషాలు ఎక్కువ ఉన్నాడు, 85 పౌండ్లు వేశారు. ఆ ఛార్జ్ చెల్లుతుంది అంది కోర్టు.

కంపెనీకి అప్పీల్ రాస్తే, జవాబులో ఈ బీవిస్ కేసునే మన మొహాన కొడతారు. భయపడొద్దు, ఆ తీర్పు ఎందుకు అలా వచ్చిందో చూడండి. షాపులకి వచ్చే కస్టమర్లు మారుతూ ఉండాలి, ఒక్కడే రోజంతా పెట్టుకుంటే మిగతావాళ్ళకి చోటు ఉండదు, కాబట్టి ఆ ఛార్జ్ వెనక ఒక న్యాయమైన అవసరం ఉంది, బోర్డులు కూడా పెద్దగా క్లియర్‌గా ఉన్నాయి, ఇదీ కోర్టు చెప్పిన కారణం. పైగా బీవిస్‌కి ఆ స్థలం మీద వేరే హక్కేమీ లేదు. బోర్డు ఒప్పుకుని లోపలికొచ్చిన కస్టమర్ అతను. మీ బేలో మీరు రాత్రి పడుకునేముందు కారు పెట్టుకోవడం అలాంటిది కాదు. అక్కడ ఎవరి కోసం ఖాళీ చేయాలి? మీ కోసం మీరేనా?

అసలు పాయింట్ ఇక్కడే ఉంది. కూకట్‌పల్లిలో అద్దెకున్నారనుకోండి. సెల్లార్‌లో ఫలానా పిల్లర్ పక్కన స్థలం మీదే అని ఓనర్ అగ్రిమెంట్‌లో రాసిచ్చాడు. ఆర్నెల్ల తర్వాత అసోసియేషన్ వాళ్ళు ఏదో ఏజెన్సీని పెట్టుకుని, గేటు దగ్గర బోర్డు తగిలించి, "స్టిక్కర్ లేకపోతే పదివేలు" అన్నారు. మీరేమంటారు? "నా అగ్రిమెంట్‌లో స్టిక్కర్ మాటే లేదు, నువ్వెవడివి మధ్యలో?" అంటారు. ఇక్కడ కూడా సరిగ్గా అదే వాదన. మీ టెనెన్సీ అగ్రిమెంట్, దాని వెనక ఓనర్‌కి ఉన్న లీజు, ఈ రెండూ ముందు వచ్చాయి. వాటిలో ఇచ్చిన హక్కుని తర్వాత గోడకి కొట్టిన బోర్డు మార్చలేదు. ఇక్కడి చర్చల్లో దీన్ని ప్రైమసీ ఆఫ్ కాంట్రాక్ట్ అంటారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, అప్పీల్‌లో రాయాలి.

దీనికి ఒక కేసు ఉంది. 2016, ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు, జాప్సన్ వర్సెస్ హోమ్‌గార్డ్. ఫ్లాట్‌లో ఉండే ఒకామె ఫర్నిచర్ దించుకోవడానికి ఎంట్రన్స్ దగ్గర కాసేపు కారు ఆపింది. కంపెనీ ఛార్జ్ వేసింది. అప్పీల్‌లో జడ్జి రెండు విషయాలు చెప్పారు. ఒకటి, సామాను దించుకోవడానికి ఆగడం పార్కింగ్ కిందకి రాదు. రెండు, లీజులో ఉన్న హక్కుల్ని మేనేజ్‌మెంట్ వాళ్ళు ఏకపక్షంగా బోర్డులు పెట్టి తీసేయలేరు. కౌంటీ కోర్టు తీర్పు కాబట్టి మిగతా కోర్టులు తప్పనిసరిగా పాటించాలని లేదు. కానీ వాదనకి బలం ఇస్తుంది. నిండు సామానుతో కోస్ట్‌కో నుంచి వచ్చి ఎంట్రన్స్‌లో ఐదు నిమిషాలు ఆపినవాళ్ళకి ఇది నేరుగా పనికొచ్చే కేసు.

స్లౌలో ఉండే ఒక సబ్‌స్క్రైబర్ కథ చెప్తాను, చెప్పమని ఆయనే అన్నారు. వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్. భార్య డిపెండెంట్ వీసా మీద వచ్చి అప్పటికి నెలన్నర. పొద్దున ఏడింటికి వచ్చి కారు పెట్టి పడుకుంటారు, మధ్యాహ్నం లేచేసరికి టికెట్. పర్మిట్ జారి సీటు మీద పడిందట. మొదటిది 60 కట్టారు. రెండోదీ 60 కట్టారు. మూడోది వచ్చినప్పుడు నాకు రాశారు. నేను అడిగింది ఒకటే, అగ్రిమెంట్‌లో పార్కింగ్ గురించి ఏముందో ఫొటో పంపండి అని. బే నంబర్‌తో సహా రాసుంది. "అలాటెడ్ పార్కింగ్ స్పేస్" అని ఒక్క ముక్క. పర్మిట్ ఊసే లేదు. కంపెనీకి అప్పీల్ పెడితే రెడీమేడ్ లెటర్‌తో కొట్టేశారు. స్వతంత్ర అప్పీల్‌కి వెళ్ళి అగ్రిమెంట్ పేజీ జత చేశారు. కంపెనీ జవాబే ఇవ్వకుండా వెనక్కి తగ్గింది. మొదటి 120 మాత్రం తిరిగి రాలేదు. కట్టేస్తే ఆ టికెట్‌తో కథ ముగిసినట్టే, తర్వాత అప్పీల్ ఉండదు.

అందరికీ ఇంత తేలిగ్గా అవ్వదు. మీ అగ్రిమెంట్‌లోనే "పర్మిట్ డిస్‌ప్లే చేయాలి" అనో, "మేనేజ్‌మెంట్ ఎప్పటికప్పుడు పెట్టే పార్కింగ్ రూల్స్ పాటించాలి" అనో రాసి మీరు సంతకం పెట్టి ఉంటే ఈ వాదన బాగా బలహీనపడుతుంది. పక్కవాళ్ళ బేలో పెట్టి హక్కు అంటే కుదరదు. ఉగాదికి భోజనానికి పిలిచిన ఫ్రెండ్స్ విజిటర్ బేలో పెడితే అది వేరే లెక్క, ఆ బేకి రూల్ ఏముందో ముందే చూసుకోవాలి. ఫ్లాట్‌కి పార్కింగే లేకుండా ఖాళీ ఉందని పెట్టినవాళ్ళకి నేను చెప్పగలిగేది పెద్దగా లేదు.

హక్కు ఉన్నవాళ్ళు ఏం చేయాలి? మొట్టమొదట అగ్రిమెంట్ తీయండి. అందులో క్లియర్‌గా లేకపోతే ఓనర్‌ని లీజు కాపీ అడగండి. ఓనర్ ఇవ్వకపోతే, లీజు రిజిస్టర్ అయి ఉంటే ల్యాండ్ రిజిస్ట్రీ దగ్గర ఫీజు కట్టి తెప్పించుకోవచ్చు. తర్వాత ఓనర్‌కీ బిల్డింగ్ మేనేజింగ్ ఏజెంట్‌కీ మెయిల్ పెట్టండి: ఇది నాకిచ్చిన బే, మీరు పెట్టుకున్న కంపెనీ నాకే బిల్లు వేసింది, క్యాన్సిల్ చేయించండి అని. మనవాళ్ళు ఓనర్‌కి కోపం వస్తుందేమోనని ఈ స్టెప్ వదిలేస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువ కష్టంతో పనయ్యేది ఇదే. కంపెనీని పిలిచింది వాళ్ళే కాబట్టి వాళ్ళ మాట చెల్లుతుంది.

దాంతో పాటే 28 రోజుల్లోపు కంపెనీకి అప్పీల్ పెట్టాలి. ఏజెంట్ జవాబు కోసం చూస్తూ ఈ గడువు దాటనివ్వొద్దు. అప్పీల్‌లో "నేను పార్క్ చేశాను" అని రాయొద్దు. "ఈ వాహనం రిజిస్టర్డ్ కీపర్‌గా రాస్తున్నాను" అని మొదలుపెట్టండి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. ప్రైవేట్ కంపెనీకి డ్రైవర్ ఎవరో చెప్పాల్సిన బాధ్యత చట్టంలో మీకు లేదు. కీపర్ దగ్గర వసూలు చేయాలంటే వాళ్ళు గడువులు పాటించాలి. అద్దం మీద టికెట్ లేకుండా నేరుగా పోస్టులో వస్తే, సంఘటన జరిగిన మర్నాటి నుంచి లెక్కేసి 14 రోజుల్లో లెటర్ మీకు చేరాలి. అంటే జూన్ 3న ఫొటో తీస్తే జూన్ 17 లోపు. పోస్ట్ చేసిన రెండో వర్కింగ్ డేకి చేరినట్టు లెక్క. అద్దం మీద టికెట్ పెట్టి ఉంటే మాత్రం మొదటి 28 రోజులు ఆగి, ఆ తర్వాతి 28 రోజుల్లో కీపర్‌కి పంపాలి. కవరు పారేయకండి, వచ్చిన తేదీ దాని మీదే రాసుకోండి.

కంపెనీ కొట్టేస్తుంది. కొట్టేయడమే మామూలు, డిసప్పాయింట్ అవ్వొద్దు. అది ఏ సంఘంలో ఉందో చూడండి. బీపీఏ అయితే అప్పీల్ పోప్లాకి, 28 రోజుల్లో. ఐపీసీ అయితే ఐఏఎస్‌కి, 21 రోజుల్లో. మన ఐపీసీ సెక్షన్లూ కాదు, మన అమ్మానాన్నలు కలలుగన్న ఐఏఎస్సూ కాదు, పేర్లు అలా కుదిరాయి అంతే. రెండూ ఫ్రీ. గెలిస్తే కంపెనీ ఒప్పుకోవాల్సిందే. ఓడితే ఆ నిర్ణయం మిమ్మల్ని కట్టిపడేయదు, కోర్టులో మళ్ళీ వాదించుకోవచ్చు. అక్కడ అగ్రిమెంట్ పేజీ, బోర్డు ఫొటో, బే ఫొటో పెట్టండి. ఈ స్థలంలో ఛార్జ్ వేసే అధికారం స్థల యజమాని మీకు ఇచ్చిన కాగితం చూపించండి అని కూడా అడగండి.

ఇప్పుడు వీసా సంగతి. టికెట్ వల్ల ఏమీ అవ్వదు. కట్టకపోతే డెట్ కలెక్టర్ల లెటర్లు వస్తాయి, ఎర్ర అక్షరాలతో. 100 కాస్తా 170 అవుతుంది. వాళ్ళు బెయిలిఫ్‌లు కాదు, ఇంటికొచ్చి సామాను తీసుకెళ్ళే అధికారం లేదు. లెటర్ బిఫోర్ క్లెయిమ్ అని వస్తే మాత్రం 30 రోజుల్లో జవాబు రాయండి. కోర్టు నుంచి క్లెయిమ్ ఫామ్ వస్తే ఇక ఆ రోజు మిగతా పనులు పక్కన పెట్టండి. సర్వ్ అయిన రోజు నుంచి 14 రోజుల్లో అందినట్టు ఆన్‌లైన్‌లో ఒప్పుకుంటే డిఫెన్స్ రాయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. ఏమీ చేయకపోతే మీ మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది. దాన్నే సీసీజే అంటారు. నెలలోపు మొత్తం కట్టేస్తే రికార్డు నుంచి తీసేస్తారు, లేకపోతే ఆరేళ్ళు ఉంటుంది. మార్ట్‌గేజ్, క్రెడిట్ కార్డ్ దగ్గర తగులుతుంది. వీసా ఫామ్‌లో కూడా మీ మీద సివిల్ కోర్టు తీర్పులు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు, ఉంటే ఉన్నాయని రాయాల్సిందే.

డిఫెన్స్ వేసి ఓడిపోయినా సరే, నెలలోపు కడితే ఆ మచ్చ మిగలదు. దెబ్బ తగిలేది అసలు లెటర్లే చూడనివాళ్ళకి. మనం ఇళ్ళు ఎన్నిసార్లు మారతాం? యూనివర్సిటీ దగ్గర షేరింగ్ రూమ్, జాబ్ వచ్చాక ఇంకో ఊరు, పెళ్ళయ్యాక ఇంకో ఫ్లాట్. కారు లాగ్‌బుక్‌లో మాత్రం మొదటి రూమ్ అడ్రస్సే. కంపెనీ ఆ అడ్రస్‌కే పంపుతుంది, క్లెయిమ్ ఫామ్ కూడా అక్కడికే పోతుంది, అక్కడున్న కొత్త కుర్రాళ్ళు తలుపు వెనక పడేస్తారు. అలా వచ్చిన తీర్పు తీసేయించడానికి దరఖాస్తు ఫీజే 300 పౌండ్లు దాటుతుంది. లాగ్‌బుక్‌లో అడ్రస్ మార్చుకోవడం ఆన్‌లైన్‌లో ఫ్రీ. మార్చకపోతే దానికి విడిగా 1,000 పౌండ్ల దాకా ఫైన్ వేయొచ్చు, ఇది మాత్రం నిజమైన ఫైనే. ఈ రోజు పడుకునేముందు లాగ్‌బుక్ తీసి, అందులో ఏ అడ్రస్ ఉందో ఒకసారి చూసుకోండి.