తాళపుచెవుల గుత్తి యెవరి చేత?

(గుడియాత్తము వర్తకుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



రాయవేలూరులోను ఇచ్చటను మన బాలబాలికలు పలువురు కంప్యూటరు విద్య నేర్చి ‘సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు’ అను ఉద్యోగమున చేరుచున్నారు. పని యేమని యడిగిన తల్లిదండ్రులు “యంత్రములు బాగుచేయుట” అందురు. అది సరికాదు. సంస్థ లెక్కలు, సరకు నిలువలు, జీతములు అన్నియు ఒక్క సాఫ్ట్‌వేరులో నడచునపుడు దాని తాళపుచెవుల గుత్తి ఈ యుద్యోగి చేత నుండును.

మన పెద్దలు చిట్టా వ్రాయువానికి ఇనుప పెట్టె తాళము నిచ్చెడివారు కారు. ఇచ్చటను అదియే నీతి. ఎవరు ఏ పద్దు చూడవచ్చునో, ఎవరు దిద్దవచ్చునో నిర్ణయించువాడు యజమాని. ఆ హద్దులను యంత్రములో నేర్పరచువాడు అడ్మినిస్ట్రేటరు. బిల్లు వ్రాసినవాడే దానిని మంజూరు చేయరాదు. పని మానిన గుమాస్తా ప్రవేశమును ఆ దినముననే మూసివేయవలెను. మనలో కొందరు ఒకే సంకేతపదమును అంగడిలో నందరికిని చెప్పి, గోడమీద గూడ వ్రాసి యుంచుదురు! పిమ్మట పద్దు మారినదని అల్లరి.

కంచెయే చేను మేయకుండవలెనన్న, అడ్మినిస్ట్రేటరు చేసిన మార్పులును నమోదు కావలెను. లెక్కలలోని ప్రతి మార్పును తేదీతో నిలుపునట్టి, ఆ నమోదును ఆపివేయ వీలులేనట్టి సాఫ్ట్‌వేరునే వాడవలెనని 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలకు నిబంధన గలదు. సొంత అంగళ్లకు ఆ నిబంధన లేకున్నను, బుద్ధి యుండవచ్చును గదా!

2017 మేలో ‘వన్నాక్రై’ అను దుష్ట ప్రోగ్రాము ఇంగ్లండులో ఆసుపత్రులను సైతము స్తంభింపజేసెను. దానిని అరికట్టు సవరణను మైక్రోసాఫ్టు మార్చిలోనే విడుదల చేసియుండెను, వేసికొననివారు చిక్కిరి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి ఇట్టి దాడికే లోనై, కొన్నాళ్లు కాగితముపై వ్రాసి పని నడపవలసి వచ్చెను. రాయవేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి మెట్లెక్కని కుటుంబము మనలో అరుదు. రోగి బల్లమీద నుండగా రక్తపరీక్ష ఫలితము తెరమీద కనబడకున్న ఏమగునో యోచింపుడు.

కావున ప్రతిదినము లెక్కల నకలు తీయుట ముఖ్యవిధి. తీసిన చాలదు, అప్పుడప్పుడు దానిని వేరొక యంత్రములో తెరచి చూడవలెను. ఒక నకలు నెట్‌వర్కుతో సంబంధము లేక వేరుచోట నుండవలెను. దాడి జరిగినచో 6 గంటలలోపల ‘సెర్ట్-ఇన్’ అను కేంద్రసంస్థకు తెలుపవలెనని 2022 ఏప్రిల్ ఉత్తర్వు. పరువు పోవునని దాచుట తగదు. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత ఇచ్చట పనికిరాదు.

ఇక యజమానులకొక మాట. ఈ యుద్యోగి రాత్రివేళ సవరణలు వేయును. తెల్లవారిన పిమ్మట ఏమియు జరుగనట్లే యుండును. అందుచేత జీతము దండుగ యనుకొందురు. లుంగీల వ్యాపారమైనను, తోళ్ల వ్యాపారమైనను ఒక్కనినే నమ్మియుండక, రెండవవానికిని పని నేర్పింపుడు. ప్రధాన సంకేతపదమును ముద్రవేసిన కవరులో నుంచి, ఇనుప పెట్టెలో భద్రపరచుడు. ఆతడు పెండ్లికని తిరుపతి వెళ్లిన దినమున మీ అంగడి మూయనక్కరలేదు.