ఇంట్లో కూర్చుని రేడియో దారి

మన సెంటినరీ కాలనీకి దగ్గరలోని రన్‌వే బసంత్‌నగర్‌ది. ఒకప్పుడు అక్కడ చిన్న విమానాలు దిగేవి. ఇప్పుడు ఎగరాలని ముచ్చటపడితే ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటరే దిక్కు.

అందులో శంషాబాద్ నుంచి మన వైపు రావాలంటే ముందు వీఓఆర్ అనే రేడియో దారిచూపు నేర్చుకోవాలి. ఈ రకం రేడియో కేంద్రాలు 108 నుంచి 117.95 మెగాహెర్ట్జ్ మధ్య పలుకుతాయి. కేంద్రం చుట్టూ సైకిల్ చక్రం పుల్లల్లా 360 దారులు. ఒక్కోదాన్ని రేడియల్ అంటారు. మనం ఈశాన్యాన ఉన్నాం గనుక సుమారు 35వ పుల్ల పట్టుకోవాలి.

వీఓఆర్ పరికరం నాబ్ తిప్పి 35 పెట్టండి. దాని సూది కుడికి జరిగిందా, దారి కుడివైపుంది. కొత్తవాళ్లు సూది వెంట పడి అటూ ఇటూ ఊగిపోతారు. అయిదారు డిగ్రీలు తిరిగి ఆగండి, అదే మధ్యకొస్తుంది. కేంద్రం సరిగ్గా మీ కిందికొచ్చినప్పుడు సూది కాసేపు తికమకపడుతుంది. తప్పు మీది కాదు.

భూగర్భ గనిలో పనిచేసిన మనవాళ్లకు ఈ విద్య తొందరగా అబ్బుతుందని నా అనుమానం. ఆకాశం కనబడని చోట సర్వేయర్ కొలతనే నమ్మి నడిచారు కదా!

ఒక్క మనవి. ఫ్రీక్వెన్సీ కలిపాక వినిపించే మోర్స్ అక్షరాలు చార్టుతో సరిపోయాయో లేదో చూసుకోకుండా సూదిని నమ్మకండి.