చాటుకొనే హక్కు, చాటి తీరాలనే ఆజ్ఞ





పౌరజీవితంలో విశ్వాస ప్రకటన అనే అంశంపై మాట్లాడమని నిర్వాహకులు కోరారు. విషయం విశాలమైనది. అందువల్ల రాజ్యాంగంలోని ఒకే ఒక్క మాటను పట్టుకొని నడుస్తాను. 25వ అధికరణం ప్రతి వ్యక్తికి మనస్సాక్షి స్వేచ్ఛను ఇస్తూ, మతం విషయంలో మూడు క్రియలను పేర్కొన్నది. వాటిలో ఆచరించడం, ప్రచారం చేయడం అనే రెండూ మనకు బాగా తెలిసినవే. వాటికి ముందున్న మొదటి క్రియ ఆంగ్లంలో 'ప్రొఫెస్'. తెలుగులో దానిని తరచుగా 'అవలంబించడం' అని రాస్తుంటారు. ఈ అనువాదంలో అసలు అర్థం జారిపోతున్నదని నా అభిప్రాయం. తలుపులు మూసుకొని, ఎవరికీ తెలియకుండా కూడా మతాన్ని అవలంబించవచ్చు. ప్రొఫెస్ అంటే అది కాదు. 'నేను ఫలానా విశ్వాసం కలవాడిని' అని పదిమందిలో చెప్పుకోవడం అది.

ఈ తేడా మనకు కొత్తది కాదు. ఇస్లాంలోకి ప్రవేశించే వాక్యానికి పేరే షహాదా, అంటే సాక్ష్యం. సాక్ష్యం అన్న తరువాత వినేవారు ఉండాలి. అయితే అదే సంప్రదాయం మరొక సత్యాన్నీ గుర్తించింది. మక్కాలో తొలి విశ్వాసులు కొంతకాలం అర్ఖమ్ గారి ఇంట్లో రహస్యంగా సమావేశమయ్యారు. సఫా గుట్ట మీది నుంచి బహిరంగ పిలుపు ఆ తరువాతిది. ఫిరౌన్ కొలువులో తన విశ్వాసాన్ని దాచుకొని, అవసరమైన ఘడియలో మూసా ప్రవక్త పక్షాన మాట్లాడిన విశ్వాసి ప్రస్తావన దివ్య ఖుర్ఆన్‌లో ఉన్నది. దాచుకొన్నందుకు అతనిని గ్రంథం నిందించలేదు. ఎప్పుడు చెప్పాలో, ఎప్పుడు మౌనంగా ఉండాలో నిర్ణయించుకొనే అధికారం ఆ మనిషిదే అయింది. నేను చెప్పబోయేదంతా ఈ అధికారం గురించే.

1948 డిసెంబరులో రాజ్యాంగ సభ ఈ అధికరణాన్ని చర్చించింది. దేశ విభజన గాయాలు ఆరని రోజులవి. బీహార్‌కు చెందిన సభ్యులు తజమ్ముల్ హుసేన్ గారు మతమన్నది మనిషికీ అతని సృష్టికర్తకూ మధ్య ఉండే వ్యక్తిగత వ్యవహారమని వాదించారు. ప్రచారం అనే మాటను తొలగించాలన్నారు. అంతటితో ఆగక, మతాన్ని గుర్తుపట్టేందుకు వీలైన చిహ్నం గానీ, పేరు గానీ, దుస్తులు గానీ ఎవరికీ ఉండరాదని సవరణను ప్రతిపాదించారు. పేరు కూడా! ఆ మాట ఒక ముస్లిం సభ్యుని నోట వచ్చినదని మన యువకులకు తెలియదు. ఆయన ఉద్దేశాన్ని నేను శంకించను. గుర్తులు లేకపోతే ద్వేషమూ ఉండదని ఆయన తలచి ఉండవచ్చు. కానీ సభ అంగీకరించలేదు. పైగా సిక్కులు కృపాణం ధరించడం మతాన్ని ప్రకటించుకోవడంలో భాగమేనని అధికరణానికి వివరణను జోడించింది. కంటికి కనిపించే గుర్తు కూడా విశ్వాస ప్రకటనేనని రాజ్యాంగమే అంగీకరించిన చోటు అది.

మరుసటి సంవత్సరం, 1949 అక్టోబరులో, హెచ్.వి. కామత్ గారు రాజ్యాంగ ప్రవేశికను దేవుని పేరుతో ఆరంభించాలని కోరారు. దేవుణ్ణి ఓటుకు పెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ గారు విజ్ఞప్తి చేసినా ఓటింగు జరిగింది. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. ప్రతిపాదన వీగిపోయింది. అదే రాజ్యాంగపు మూడవ షెడ్యూలులో మాత్రం మంత్రి గానీ శాసనసభ్యుడు గానీ దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చు. దేవుణ్ణి నమ్మనివారు ఆ మాట లేకుండానే ప్రమాణం చేయవచ్చు. రాజ్యం తన నోటితో ఏ విశ్వాసాన్నీ పలకదు. పౌరుడు తన నోటితో పలికితే అడ్డుకోదు. మన లౌకికవాదానికి ఇంతకంటే మంచి వివరణ నాకు తెలియదు.

ఇక కాగితం మీది మాట ఆచరణలో ఏమయిందో చూద్దాం. 25వ అధికరణంలో హక్కుగా నిలిచిన ఆ 'ప్రొఫెస్' అనే క్రియే 1950 నాటి షెడ్యూల్డ్ కులాల రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరాలో శిక్షగా కనిపిస్తుంది. హిందూ మతం కాక వేరొక మతాన్ని ప్రకటించుకొనేవారు షెడ్యూల్డ్ కులస్థులు కారని ఆ పేరా సారాంశం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ పరిధిలోకి చేర్చారు. ముస్లింలు, క్రైస్తవులు బయటే ఉండిపోయారు. ఈ మాటకు అర్థమేమిటనే ప్రశ్న పంజాబ్‌రావు, మేష్రామ్‌ల ఎన్నికల వివాదంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన మేష్రామ్ అప్పటికే బౌద్ధాన్ని స్వీకరించారన్నది ఆరోపణ. ప్రొఫెస్ అంటే బహిరంగంగా ప్రకటించడమేనని, అలా ప్రకటించినవారు పాత మతంలో ఉన్నట్టు భావించలేమని న్యాయస్థానం తేల్చింది. ఆయన ఎన్నిక చెల్లకుండా పోయింది. మనసులో ఏమి నమ్మినా ఇబ్బంది లేదు, నలుగురిలో చెప్పితేనే కులధ్రువీకరణ పత్రం పోతుంది. ఈ దేశంలో విశ్వాస ప్రకటనకు వెల కట్టిన పత్రం ఆ ఉత్తర్వు.

ఇది ఎక్కడో నాగపూర్ ముచ్చట అనుకోవద్దు. మన ఊళ్లలో పాకీ పని, వీధులు ఊడ్చే పని చేసిన మెహతర్ సోదరులున్నారు. అదే పని చేసిన హిందూ కుటుంబం ఎస్సీ జాబితాలో ఉంటే, మెహతర్ ముస్లింలు బీసీ 'ఎ' గ్రూపులో ఉన్నారు. చీపురు ఒకటే, ఎదుర్కొన్న ఏవగింపు ఒకటే, వారి పిల్లలు అడిగే రక్షణలే వేరయ్యాయి. మతం మారితే కులం పోతుందన్నది వాదన. ఇస్లాంలో కులం లేదన్నది నిజం. ముస్లింల మధ్య కులం లేదన్నది నిజం కాదు. సచార్ కమిటీ 2006లో అర్జల్ వర్గాల గురించి ప్రత్యేకంగా రాసింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడవ పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం ఇదే ప్రశ్నను జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌కు అప్పగించింది. షెడ్యూల్డ్ తెగలకు ఇటువంటి మత షరతు లేదన్న సంగతి గమనించండి. 2015లో సుప్రీంకోర్టు, తిరిగి హిందూ మతంలోకి వచ్చినవారిని వారి కులం అంగీకరిస్తే ఎస్సీ హోదా మళ్లీ లభిస్తుందని చెప్పింది. అంటే తలుపు లోపలికి మాత్రమే తెరుచుకొంటుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు క్రైస్తవం స్వీకరించిన దళితునికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వెలువడినప్పుడు మన సంఘాలు మౌనంగా ఉండడం నాకు నచ్చలేదు. క్రైస్తవ దళితుని సమస్య మెహతర్ సోదరుని సమస్యే.

చాటుకొంటే నష్టం కలగడం ఒక అన్యాయం. ఇష్టం ఉన్నా లేకున్నా చాటి తీరాలని ఆజ్ఞాపించడం దానికి జంట. 2024 జూలైలో కావడి యాత్ర మార్గంలో తినుబండారాల దుకాణాల ముందు యజమానుల పేర్లు రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు ఆదేశించారు. పేరు చూస్తే మతం తెలుస్తుంది. మతం తెలిస్తే గిరాకీ పోతుంది. జూలై 22న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది: ఏ ఆహారం అమ్ముతున్నారో రాయమనవచ్చు, యజమాని పేరు రాయమని బలవంతం చేయరాదు. ఆ ధర్మాసనంలో మన మదనపల్లెకు చెందిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి గారు ఉన్నారు. కేరళలో తాను ముస్లిం యజమాని నడిపే శాకాహార హోటలుకు వెళ్లేవాడినని విచారణలో ఆయన చెప్పిన మాటను పత్రికలు ప్రచురించాయి. పరిశుభ్రత బాగుండేదట! తినేవాడికి అవసరమైన సమాచారం అదే కదా.

వక్ఫ్ విషయం చూడండి. 2025 సవరణ చట్టం, కనీసం ఐదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్టు చూపగలిగినవారే ఆస్తిని వక్ఫ్ చేయాలని నిబంధన పెట్టింది. ఎవరికి చూపాలి? ఏమి చూపాలి? నమాజుకు హాజరుపట్టీ ఉందా? ఉపవాసాలకు రసీదులిస్తారా? సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు, రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు రూపొందించే వరకు ఆ నిబంధనను నిలిపివేసింది. నిలిపివేసిందే గాని కొట్టివేయలేదు. నియమాలు వచ్చిన రోజున ఆ ప్రశ్న మళ్లీ మన ముందుకు వస్తుంది. మతం మారదలచినవారు ముందుగా జిల్లా అధికారికి తెలియజేయాలనే చట్టాలు అనేక రాష్ట్రాలలో ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో అరవై రోజుల ముందు చెప్పాలి. హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు 2012లో అటువంటి నోటీసు నిబంధనను కొట్టివేస్తూ, తన విశ్వాసాన్ని వెల్లడించకుండా ఉండే హక్కు కూడా పౌరునికి ఉన్నదని గుర్తించింది.

ఇక్కడ ఒక సోదరుడు తిరుమల గురించి అడగవచ్చు. అన్యమతస్థులు దర్శనానికి ముందు స్వామిపై విశ్వాసం ఉన్నదని పత్రం ఇవ్వాలనే నిబంధన అక్కడ ఉన్నది కదా అని. దానిని నేను పై ఉదాహరణలతో కలపను. ఒక ఆరాధనా స్థలం తన గడప దాటేవారిని అడిగే ప్రశ్న వేరు. దుకాణం పెట్టుకొనేవాడిని, సొంత ఆస్తిని దానం చేసేవాడిని రాజ్యం అడిగే ప్రశ్న వేరు.

మౌనానికి కూడా రక్షణ ఉన్నదని చెప్పిన గొప్ప తీర్పు మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి గారి కలం నుంచి వచ్చింది. 1985లో కేరళలో యెహోవా సాక్షులకు చెందిన ముగ్గురు తోబుట్టువులు జాతీయగీతం సమయంలో గౌరవంగా లేచి నిలబడ్డారు, పాడలేదు. బడి నుంచి వెళ్లగొట్టారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకొమ్మన్నది. ఆ తీర్పు పద్ధతిని మన న్యాయవాదులు మళ్లీ మళ్లీ చదవాలి. ఆ విశ్వాసం మతానికి అత్యవసరమా అనే చోట అది ఆగిపోలేదు. పిల్లలు దానిని చిత్తశుద్ధితో నమ్ముతున్నారా, వారి ప్రవర్తన ఎవరికైనా భంగం కలిగించిందా అని చూసింది.

హిజాబ్ కేసులో దారి మరోలా సాగింది. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు హిజాబ్ అత్యవసర మతాచారం కాదన్నది. ఆ ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా అప్పీళ్లను తోసిపుచ్చగా, జస్టిస్ సుధాంశు ధూలియా దానిని ఆ బాలికల ఎంపికగా, వారి చదువుకు సంబంధించిన విషయంగా చూశారు. వ్యవహారం విశాల ధర్మాసనానికి చేరవలసి ఉంది. మన వాదన అధిక భాగం అత్యవసర ఆచారం చుట్టూ తిరగడం నాకు ఆనాడూ సమ్మతం కాదు. ఏది అత్యవసరమో తేల్చమని న్యాయస్థానాన్ని మనమే అడిగితే, న్యాయమూర్తి మనకు ముఫ్తీ అవుతాడు. ఆ పిల్ల తల మీది వస్త్రం ఆమె మనస్సాక్షికి ప్రకటన. దానివల్ల పక్క బల్ల మీది పిల్లకు కలిగిన నష్టమేమిటని అడగడమే చిన్నప్ప రెడ్డి గారి దారి.

అదే కొలతను మనకూ వర్తింపజేసుకోవాలి. అజాన్ ప్రకటన, అందులో సందేహం లేదు. లౌడ్‌స్పీకరు మాత్రం యంత్రం. చెన్నైలోని ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు 2000లో, శబ్దయంత్రాలతో ప్రార్థించాలని ఏ మతమూ చెప్పలేదన్నది. శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట లౌడ్‌స్పీకరు వాడరాదు. ఫజ్ర్ అజాన్ ఆ వేళలోనే వస్తుంది. బిలాల్ (రజి) గొంతుకు ఏ యంత్రం సాయం లేదు. ఒక మసీదుకు నోటీసు ఇచ్చి, అదే వీధిలో ఉత్సవ పందిరికి ఇవ్వకపోతే ఆ వివక్షను ప్రశ్నించాలి. నియమాన్నే ప్రశ్నిస్తే మన మాట బలహీనపడుతుంది.

చివరగా, 2027 జనగణనలో కులాన్నీ నమోదు చేస్తారని కేంద్రం ప్రకటించింది. ప్రతి కుటుంబమూ తన విశ్వాసాన్ని రాజ్యానికి ప్రకటించే ఘట్టం అది. మతం గడిలో ఇస్లాం అని రాయించి, కులం గడిని ఖాళీగా వదిలేయాలని కొందరు పెద్దలు బోధిస్తున్నారు. వారి భావనను గౌరవిస్తాను గాని ఏకీభవించను. తెలంగాణ ప్రభుత్వ కులసర్వేలో ముస్లింలు 12.56 శాతమని, అందులో బీసీ ముస్లింలే 10.08 శాతమని తేలింది. మన సమాజం ఎవరితో నిండి ఉన్నదో ఆ అంకె చెప్పింది. ఆ లెక్క లేకపోతే నాలుగు శాతం రిజర్వేషన్ మీద న్యాయస్థానంలో మన చేతిలో ఏముంటుంది? దూదేకుల సోదరులు, మెహతర్ సోదరులు, ఫకీరు కుటుంబాలు తమ పేరు తాము చెప్పుకోవాలి. ఇస్లాం అన్న మాటను దాచనక్కరలేదు, బిరాదరీ పేరు చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు.

జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం మీ జవాబులను ఇతరులు చూడడానికి వీలులేదు, వాటిని సాధారణంగా న్యాయస్థానంలో సాక్ష్యంగా వాడడానికీ వీలులేదు. కాబట్టి భయం వద్దు. గణకుడు వచ్చినప్పుడు ఇంట్లో పెద్దలు లేకపోతే కోడలు గానీ చదువుకొన్న కూతురు గానీ జవాబులు చెప్పగలిగేలా ఇప్పుడే మాట్లాడుకొని ఉంచండి. పక్కింటివారు మన తరఫున చెప్పే పరిస్థితి రానీయవద్దు. అతడు నమోదు చేసినదానిని మీకు చదివి వినిపించమని అడగండి. మాతృభాష గడిలో ఉర్దూ మాట్లాడేవారు ఉర్దూ అని, ఇంట్లో తెలుగే మాట్లాడేవారు తెలుగు అని నిజమే చెప్పండి. జమాఅత్ పెద్దలు జుమా రోజున ఈ వివరాలను ప్రసంగానికి ముందు ఐదు నిమిషాలు చెప్పగలిగితే, ముఖ్యంగా స్త్రీల సమావేశాలలో చెప్పించగలిగితే, ఆ పని ఈ నెల నుంచే మొదలుపెట్టవచ్చు.