పొగ కిందికి దిగిన బొమ్మ

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, పదిహేను నిమిషాలు మాట్లాడాలె, విషయం నీ ఇష్టం" అన్నాడు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లలో డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్లున్నారు. నేను జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయినవాణ్ణి. ఫైళ్ల గురించి మొదలుపెడితే మీరంతా భోజనాల వైపు లేచిపోతారు. అందుకే రిటైరయినాక నేను పట్టుకున్న పని గురించి చెబుతాను. మా బ్యాచి వాళ్లం ఐదుగురం కలిసి బొమ్మలు వేస్తున్నాం. ఆ చివర వరండాలో తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీసినవి మావే. బట్టలు ఆరేసినట్టున్నాయని ఇందాక ఎవరో అన్నారు. నిజమే, మా దగ్గర ఫ్రేములకు డబ్బులు లేవు.

ఇది ఎట్లా మొదలైందో చెబుతాను. రిటైరయిన కొత్తలో మేం నెలకోసారి కలిసేవాళ్లం. కలిస్తే మాట్లాడుకోవడానికి మూడే సంగతులు: షుగరు, పిల్లల వీసాలు, రాజకీయాలు. షుగరంటే మన బోధన్ షుగరు కాదు, ఒంట్లోది. మూడో సంగతి మొదలైతే ఎవరో ఒకరు చాయ్ గ్లాసు సగంలో పెట్టి లేచిపోయేవారు. ఒకసారి ఇద్దరు ఆరు నెలలు మాట్లాడుకోలేదు. అట్లాంటి రోజుల్లో మా మనవరాలు సెలవులకు వచ్చి పోతూ క్యామెల్ రంగుల డబ్బా మా ఇంట్లో మరిచిపోయింది. పన్నెండు బిళ్లలు, తుప్పు రంగు మూత. వచ్చే నెల కలిసినప్పుడు అది పట్టుకుపోయి బల్ల మీద పెట్టాను. "ఈసారి ఎవరూ మాట్లాడొద్దు, ఎదురుగ ఉన్న వేపచెట్టు గీద్దాం" అన్నాను. నవ్వారు, తిట్టారు, చివరికి గీశారు. రెండు గంటలు గడిచాయి. ఎవరూ లేచి పోలేదు.

అప్పటి నుంచి రెండో ఆదివారం మా బొమ్మల రోజు. మాకు రెండే షరతులు. ఒకరి బొమ్మ మీద ఇంకొకరు కుంచె పెట్టకూడదు. వేసిన ప్రతి బొమ్మా, ఎంత చెడిపోయినా సరే, చివర్లో నేల మీద పరచి అందరికీ చూపించాలి. రెండో షరతే కష్టం. అరవై దాటినవాళ్లకు తమ తప్పును నేల మీద పరచడం అలవాటుండదు.

మొదట్లో మేం చేసిన తెలివితక్కువ పనులు చాలా ఉన్నాయి. ఏప్రిల్ నెలలో పదిగంటలకు బయలుదేరి ఖిల్లా గుట్ట ఎక్కాం. మన నిజామాబాద్ ఎండ మీకు తెలుసు. కాగితం మీద నీళ్లు పెట్టేలోపే ఆరిపోయేది, ఆకాశం అంతా చారలు చారలు. ఇప్పుడు ఎండాకాలంలో ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదింటికి మూట కడతాం. వానాకాలంలో దీనికి ఉల్టా. ఏ రంగూ ఆరదు, ఆకాశం పోయి చెరువులో కలుస్తుంది. ఇంకొకటి, మామూలు డ్రాయింగ్ పుస్తకం కాగితం నీళ్లకు అప్పడంలాగా ముడుచుకుంటుంది. 300 జీఎస్ఎం మందం ఉన్న కాగితం కొంటే ఆ బాధ లేదు. ఖరీదెక్కువే, కానీ రెండు వైపులా వేసుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కుంచెల మీద కాక కాగితం మీద ఖర్చు పెట్టండి.

బ్యాంకు క్యాషియరుగా చేసిన మా మిత్రుడికి ప్రయోగాల పిచ్చి. మార్కెట్ యార్డుకు ఇంత పసుపు వచ్చే ఊళ్లో ఉండి పసుపుపచ్చ రంగు కొనడమేమిటన్నాడు. పసుపులో జిగురు కలిపి యార్డు బొమ్మ వేశాడు. కొమ్ముల రాశి ధగధగలాడింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ఆడవాళ్లందరికీ తెలుసు కదా, దాంతో హమాలీల తలగుడ్డలు వేశాడు. ఆ బొమ్మ కిటికీ పక్కన తగిలించాడు. కొన్ని వారాల్లో రాశి మాయమైంది. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. ఇప్పుడా బొమ్మలో ఖాళీ యార్డూ, పాలిపోయిన తలగుడ్డలూ మిగిలాయి. సీజన్ అయిపోయిన తర్వాతి యార్డు అని పేరు మార్చుకొని ఇంకా దాచుకున్నాడు. వరండాలో అదీ ఉంది, చూడండి.

మాలో ఒకరు వర్ని వైపు రైతు. ఒకసారి నేను బోధన్ రోడ్డు పక్క చెరకు తోట వేసి గర్వంగా పరిచాను. ఆయన వంగి చూసి, "ఇది చెరుకు కాదు, జొన్న" అన్నాడు. నాకు కోపం వచ్చింది. మరునాడు పిలిచి పొలం గట్టు మీద నిలబెట్టాడు. చెరకు ఆకుది మామూలు పచ్చ కాదు, మీద బూడిద రాసినట్టు కొంచెం నీలం కలిసి ఉంటుంది. వరి లేతపచ్చ, కోతకు ముందు బంగారం. చలికాలంలో చెరకు పూతకొస్తే పైన వెండి కుచ్చులు. "ముప్పై ఏండ్లు చెరుకేసిన. ఇప్పుడు వరే. ఫ్యాక్టరీ లేదాయె, ఎవలకెయ్యాలె?" అన్నాడు. నేను రోజూ బస్సులో ఆ రోడ్డు మీదే పోయివచ్చినవాణ్ణి. కిటికీ పక్కనే కూర్చునేవాణ్ణి కూడా. అంతా ఒకటే పచ్చ అనుకున్నాను.

మా ఐదుగురిలో ఒక్కతే ఆడమనిషి, నర్సుగా చేసి రిటైరయింది. ఆమె వేసేది చేతులు. ముఖం ఉండదు, చేతులే. మొదటి బొమ్మ వాళ్ల అమ్మవి. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం ఉండ. మన జిల్లాలో బీడీల మీద ఎంతమంది చదువులు నడిచాయో ఈ హాల్లో కూర్చున్నవాళ్లకు చెప్పనక్కరలేదు. బొటనవేలు ఆకును మలిచే ఒంపు కోసం ఆమె ఆ బొమ్మ పదకొండుసార్లు వేసింది. "అమ్మ పోయి ఎన్నేండ్లో అయింది, గిప్పుడు సూస్తున్న" అంది.

బొమ్మలు నేర్చుకోవాలంటే పెద్ద ఊళ్లకు పోవాలనుకునేవాళ్లం. పక్కనే సిద్దిపేటలో కాపు రాజయ్య గారు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూనే బతుకమ్మను, బోనాలను, గొల్లలను, కోలాటాన్ని తన రంగుల్లోకి తెచ్చుకున్నారు. మిత్రులు కలిసి బొమ్మలు వేయడమంటే నాకు గుర్తుకొచ్చేది రాజమండ్రి. దామెర్ల రామారావు గారు అక్కడ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి పోయి చదివి, తిరిగి సొంత ఊరికే వచ్చి చుట్టూ బొమ్మల లోకం కట్టుకున్నారు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. ఆయన పెట్టిన చిత్రకళాశాలను నడిపింది మిత్రుడు వరదా వెంకటరత్నం గారు. రామారావు గారి పేరున్న ఆర్ట్ గ్యాలరీ నేటికీ అక్కడ ఉంది. ఆ వైపు పోతే చూసి రండి. మా అబ్బాయి ఇంకోటి చెప్పాడు. సియాటిల్ లో గాబ్రియేల్ కంపనారియో అనే పత్రికా చిత్రకారుడు 2007లో మొదలుపెడితే, ఊళ్లో వీధుల్లో కూర్చొని కళ్ల ముందున్నది గీసే జట్లు ప్రపంచమంతా తయారయ్యాయట. అర్బన్ స్కెచర్స్ అంటారట. అయితే మేమూ అదేనన్నమాట, పేరు తెలియకుండా.

ఖిల్లా మీద కూర్చున్నప్పుడల్లా దాశరథి గారు గుర్తుకు రాక తప్పదు. నిజాం కాలంలో ఆ కోటను జైలు చేసి ఆయనను, వట్టికోట ఆళ్వారుస్వామి గారిని అందులో పెడితే, బొగ్గు ముక్కతో గోడ మీద పద్యాలు రాశారాయన. మేం అక్కడ బొగ్గుతోనే గీస్తాం. ఊరికే, మాకదొక ముచ్చట.

ఇంతసేపూ నలుగురి గురించే చెప్పాను, నాతో కలిపి. ఐదో మనిషి దగ్గరికి రావడానికి నాకు కొంచెం ధైర్యం కావాలి.

1974లో మేం ఎనిమిదో తరగతి. అతనిది షక్కర్ నగర్. వాళ్ల నాయన నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పని. ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. డ్రాయింగ్ సారు "మీ ఊరు" అని బొమ్మ ఇచ్చారు. నేను క్లాసులో డ్రాయింగ్ ఫస్టు. రెండు గుట్టలు, మధ్యలో సూర్యుడు, కొబ్బరిచెట్టు వేశాను. మా ఊళ్లో కొబ్బరిచెట్టు లేదు, అది వేరే సంగతి. అతను ఫ్యాక్టరీ వేశాడు. పొగగొట్టం నుంచి పొగ పైకి పోకుండా వంగి కిందికి దిగి, క్వార్టర్ల మీద, ఆరేసిన బట్టల మీద పరుచుకున్నట్టు వేశాడు. నేను ఆ కాగితం లాక్కొని అందరికీ ఎత్తి చూపించి, "ఏందిరా, మీ ఫ్యాక్టరీ పొగకు పైకి పోవుడు తెల్వదా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు నా చేతిలోంచి కాగితం తీసుకొని చూసి నన్నడిగారు: "నువ్వు షక్కర్ నగర్ ఎప్పుడన్న పోయినవా?" లేదన్నాను. "పోయి చూసొచ్చి నవ్వు" అన్నారు. పాతిక కిలోమీటర్ల దూరం. నేను పోలేదు. అతను ఆ తర్వాత బొమ్మ వేయలేదు.

పెద్దయ్యాక వాళ్ల నాయన పనిచేసిన చోటే ఫిట్టరుగా చేరాడు. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబరులో లేఆఫ్ వచ్చింది. చెరకు ఆడవలసిన సీజను నడుమ ఇంట్లో కూర్చున్నాడు. మా జట్టుకు అతన్ని లాక్కొచ్చింది నర్సమ్మే. వచ్చినా ఏడాదిపాటు బొమ్మ వేయలేదు. చాయ్ తెచ్చేవాడు, నీళ్లు మార్చేవాడు, ఈజిల్ కాలు విరిగితే బిగించేవాడు. "వెయ్యరా" అంటే "నాకు రాదు" అనేవాడు. ఎందుకు రాదంటున్నాడో నాకు తట్టనే లేదు. అంతగా మరిచిపోయాను.

ఒక జనవరి ఆదివారం తెల్లవారి జానకంపేట దాటి పొలాల పక్కన కూర్చున్నాం. మంచు. దూరంగా ఇటుక బట్టీ గొట్టం నుంచి పొగ కొంచెం లేచి, ఆగి, వంగి, మెల్లగా వరి మడుల మీదికి దిగింది. రాత్రి నేల చల్లబడినప్పుడు కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి ఉంటే పొగ పైకి పోలేదట, తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం కుంచె పట్టుకొని చూస్తూ ఉండిపోయాను. తల తిప్పితే అతను పొగను చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు. ఏమీ అనలేదు. "నీకు యాదికున్నదా?" అన్నాను. "సీజన్ల పొద్దుగాల గట్లనే దిగేది. పిప్పి బూడిద అంగీల మీద పడితె అమ్మ మళ్ల పిండేది" అన్నాడు. క్షమించమని అడిగే మాట నోట్లో తిరిగింది కానీ బయటికి రాలేదు. నా కాగితం, కుంచె అతని ముందు పెట్టాను.

ఆ రోజు వేయలేదు. మరుసటి నెల వేశాడు.

ఆ తర్వాత నేను షక్కర్ నగర్ పోయాను, అతనితోనే. సారు చెప్పిన దాదాపు యాభై ఏళ్లకు. గేటు బయట రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చున్నాం. పొగ లేదు, చప్పుడు లేదు, బెల్లం పాకం లాంటి ఆ వాసన లేదు. నేను కనపడ్డదే వేశాను, తుప్పు రేకులు, మొలిచిన రావిచెట్లు. అతను పొగతో వేశాడు. బట్టలు ఆరేసిన తాడుతో సహా. కళ్ల ముందున్నదే గీయాలని మా జట్టు అలవాటు కదా, క్యాషియరు మిత్రుడు దాని మీద గంటసేపు వాదించాడు. రైతు మిత్రుడు అతని పక్షం. నర్సమ్మ, "మా అమ్మ చేతులు మాత్రం కండ్ల ముందటున్నయా?" అంది. ఆ వాదన తేలలేదు, వచ్చే ఆదివారం మళ్లీ ఉంటుంది.

మన డ్రాయింగ్ సారు ఇవాళ ఈ సభలో లేరు, కాలం చేసి చాలా ఏళ్లయింది. ఉంటే ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించేవాణ్ణి. వరండాలో తాడుకు ఎడమ చివర నాది, దాని పక్కది అతనిది. అతను పేరు రాయనన్నాడు, ఇక్కడ చెప్పొద్దన్నాడు, అందుకే చెప్పలేదు. మూడో వరుసలో కూర్చున్నాడు, ఇప్పుడు తల వంచుకొని ఉన్నాడు కాబట్టి మీరే పట్టుకోవచ్చు.

అన్నట్టు, రెండో ఆదివారం పొద్దున ఆరున్నరకు ఖిల్లా మెట్ల దగ్గర ఉంటాం. కాగితం మాది, చాయ్ మీది.