పరదేశపు న్యాయస్థానము - మన చెఱసాల
(లింగాలలో చేసిన ఉపన్యాసపాఠము)



2015 నవంబరులో, ఎఱ్ఱచందనపు దొంగరవాణా కేసులలో నిందితుడైన కడప జిల్లావాసి యొకడు మారిషస్ ద్వీపమునుండి స్వదేశమునకు తేబడెను. సముద్రము దాటినవాడును చట్టమునకు చిక్కెనని జనులు సంతసించిరి. ఆ సంతోషము న్యాయమే. కాని అదే సంవత్సరము ఏప్రిలు 7వ తేదీన శేషాచల వనమున ఇరువదిమంది తమిళ కూలీలు పోలీసు కాల్పులలో హతులైరి. పెద్ద నిందితుడు విమానమున వచ్చెను. చెట్లు నఱకిరన్న కూలీలు న్యాయస్థానపు గడప త్రొక్కకయే పోయిరి. ఈ రెండు వార్తలను మనము వేఱువేఱుగా చదివితిమి. పరదేశపు న్యాయాధిపతి వానిని కలిపి చదువును.

నేరస్థుల నప్పగించుట ప్రభుత్వముల నడుమ స్నేహకానుక కాదు. రాజకీయాపరాధమునకు అప్పగింత లేదనియు, ఏ నేరమునకై తెచ్చితిమో దానికే విచారింపవలెననియు మన 1962వ సంవత్సరపు చట్టమే చెప్పుచున్నది. ఈ కట్టుబాట్లు దొంగలను కాచుటకే పుట్టినవని కొందఱందురు. 1910లో సావర్కరు మార్సేల్సు రేవున ఓడనుండి దుమికి ఫ్రెంచి నేల నెక్కగా, అచ్చటి పోలీసు పట్టి ఆంగ్లేయుల కప్పగించెను. అది సక్రమము కాదని యొప్పుకొనుచునే, అతనిని తిరిగి యీయనక్కఱలేదని 1911లో హేగు మధ్యవర్తులు తీర్పు చెప్పిరి. నాడు కట్టుబాటు లేక నష్టపడినవారము మనమే గదా!

పంపబడువానికి అమానుషబాధ కలుగునన్న నిజమైన భయమున్నచో, పంపిన రాజ్యమే దోషియని 1989లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము నిర్ణయించెను. అబూ సలేమును 2005లో పోర్చుగలునుండి తెచ్చునపుడు, మరణదండన గాని యిరువదియైదేండ్లకు మించిన చెఱ గాని విధింపమని మన ప్రభుత్వము మాట యిచ్చెను. ఆ మాట చెల్లింపవలెనని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించెను. 2025 ఫిబ్రవరిలో మాత్రము, తీహారు చెఱసాలలో హింస జరుగు ప్రమాదము కలదని యెంచి, లండను హైకోర్టు ఒక ఆయుధ వ్యాపార మధ్యవర్తిని మనకు పంప నిరాకరించెను.

ఇది దేశమున కవమానమని కోపగించినవారు కలరు. మేమును కోపగింతుము, కాని లండనుపై కాదు. హింసానిషేధపు టొడంబడికపై భారతదేశము 1997లోనే సంతకము చేసెను. ధ్రువీకరణము నేటికిని లేదు. ఆ యొడంబడిక కనుగుణమైన చట్టమును లేదు. కావుననే ప్రతి వ్యాజ్యమునందును మన న్యాయవాదులు క్రొత్తగా హామీపత్రములు వ్రాసి, "వీనిని కొట్టము" అని పరుల యెదుట ప్రమాణము చేయవలసి వచ్చుచున్నది. ఠాణాకు పిలువబడిన పేదరైతునకు ఆ పత్రమైనను లేదు.

ఓట్లకై పార్లమెంటు అభ్యర్థులు ఈ యూరికి వచ్చినపుడు, లింగాల కాలువ నీటితోబాటు ఈ ధ్రువీకరణపు సంగతియు అడుగుడు.