చిన్న తెర మూగబోతే



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో పట్టుపురుగుల పెంపకం ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. మల్బరీ ఆకు ఎంత ముఖ్యమో, పెంపకపు గదిలోని వేడి, తేమ కూడా అంతే ముఖ్యం. ముదురు పురుగులకు 24, 25 డిగ్రీల వేడి, 70 శాతానికి పైచిలుకు తేమ అనుకూలం. ఈ అంకెలను చూపే చిన్న పరికరాన్ని హైస్కూలు పిల్లలు కూడా తయారుచేయవచ్చు. వేడిని, తేమను కొలిచే సెన్సారు, ఆర్డుయినో బోర్డు, వరుసకు 16 అక్షరాల చొప్పున రెండు వరుసలు చూపే ఎల్.సి.డి. తెర ఉంటే చాలు. చిక్కు వచ్చేది చాలావరకు తెర దగ్గరే. దీపం వెలుగుతుంది, అక్షరం కనబడదు. అప్పుడు లోపం ఎలా వెతకాలో చూద్దాం.

తెర వెనుక ఉండే చిన్న బోర్డుకూ ఆర్డుయినోకూ మధ్య నాలుగే తీగలు. రెండు కరెంటుకు, రెండు మాటకు. ఈ మాటల పద్ధతి పేరు ఐ టూ సి. ఫిలిప్స్ కంపెనీ దీనిని 1982లో రూపొందించింది. ఎస్.డి.ఎ. అనే తీగ సమాచారాన్ని మోస్తుంది, ఎస్.సి.ఎల్. అనే తీగ తాళం వేస్తుంది. ఇది తరగతిలో హాజరు పిలవడం లాంటిది. ఏ నంబరు పిలిస్తే ఆ పిల్లవాడే పలుకుతాడు. నంబరు తప్పు పిలిస్తే, పిల్లవాడు ఎదురుగా కూర్చున్నా జవాబు రాదు.

మొదట కరెంటు చూడండి. 5 వోల్టులు అందుతున్నాయా, గ్రౌండు తీగ గట్టిగా ఉందా? తరువాత తెర వెనుక ఉన్న చిన్న స్క్రూను మెల్లగా తిప్పండి. అక్షరాల నలుపును సరిచేసేది అదే. పై వరుసలో నల్లని గళ్లు మాత్రమే కనబడితే తెరకు కరెంటు అందింది, ఆజ్ఞలు అందలేదని అర్థం.

అప్పుడు మాట తీగలు చూడండి. ఆర్డుయినో యూనోలో ఎస్.డి.ఎ. ఎ4కు, ఎస్.సి.ఎల్. ఎ5కు కలపాలి. అవి తారుమారైతే మాట సాగదు. పని లేని సమయంలో ఈ రెండు తీగల్లోనూ మల్టీమీటరు దాదాపు 5 వోల్టులు చూపాలి. సున్నా చూపితే ఎక్కడో షార్టు ఉంది, లేదా తీగను పైకి లాగి ఉంచే రెసిస్టరు లేదు.

ఇక నంబరు. వెనుక బోర్డు మీది చిప్పు పి.సి.ఎఫ్. 8574 అయితే నంబరు 32 నుండి 39 లోపు, పేరు చివర ఎ ఉంటే 56 నుండి 63 లోపు ఉంటుంది. అన్ని నంబర్లనూ వరుసగా పిలిచి, పలికినదాన్ని చెప్పే స్కానర్ ప్రోగ్రాము దొరుకుతుంది. దాన్ని నడిపి, వచ్చిన నంబరునే మీ ప్రోగ్రాములో రాయండి. తీగలు మీటర్ల కొద్దీ పొడవైతే సంకేతం మందగించి పిచ్చి అక్షరాలు వస్తాయి. తెరను బోర్డుకు దగ్గరగా ఉంచండి.

చివరగా ఒక హెచ్చరిక. ఏమీ కనబడని తెర కంటే ఆగిపోయిన తెర ప్రమాదకరం. ఎల్.సి.డి.కి సొంత జ్ఞాపకం ఉంది. మాట తెగినా, కరెంటు ఉన్నంతసేపు పాత అంకెనే చూపుతుంది. తెర మీద 25 చూసి మీరు నిశ్చింతగా ఉంటారు. గదిలో వేడి 33కు చేరి ఉండవచ్చు. అందుకని తెర మూలలో సెకనుకొకసారి మారే అంకె ఒకటి పెట్టండి. అది కదలకపోతే మిగతా అంకెలను నమ్మకండి. గోడకు మామూలు థర్మామీటరు కూడా వేలాడదీయండి.

పిల్లలు చేసిన పరికరాన్ని మెచ్చుకుందాం. దాన్ని పరీక్షించడం కూడా వాళ్లకు నేర్పుదాం.