ఎండ వేడిమి వేరు, ఎండ కాటు వేరు

మే మొదటి వారమున, పగలు పన్నెండు గంటల ప్రాంతమున, ఉయ్యూరులో మీ ముంగిట నిలుచుండి చూడుడు. మీ నీడ పాదముల క్రిందనే అణగియుండును. ఆ దినములలో సూర్యుడు మనకు సరిగా నడినెత్తికి వచ్చును. చర్మమును కమిలించు అతినీలలోహిత కిరణములు మిక్కిలి తీవ్రముగా నుండునది ఆ వేళనే. వేడిమి పరాకాష్ఠ నందునది మాత్రము రెండు మూడు గంటలకు. వడగాడ్పునకు జడిసి పన్నెండింటికే ఇల్లు చేరి, ఎండ తప్పించుకొంటిమని సంతోషించువారు కలరు. వారి మెడలు, ముంజేతులు అప్పటికే కమిలియుండును.

బందరు తీరమున మరియొక మోసమున్నది. సముద్రపుగాలి ఒడలికి చల్లగా తగులును గాని కిరణములను ఆపజాలదు. పైగా ఇసుక కొంత వెలుగును తిరిగి ముఖముపైకి విసరును.

నల్లని ఒంటికి ఎండ యేమి చేయునని కొందరందురు. కొంత రక్ష కలదు, నిజమే, పూర్ణరక్ష కాదు.

నీడ మీకంటె పొట్టిగా నున్నంతసేపు జాగ్రత్త వహింపుడు. కాలువ పూడికతీతకు పోక తప్పనివారు దళసరి నేతతో, వదులుగా నున్న నిండుచేతుల చొక్కా తొడుగవలెను. తలపాగా చెంగు మెడ వెనుకకు విడువవలెను. పలుచని తెల్లగుడ్డ తడిపి కప్పుకొనిన చల్లగా నుండును గాని, దానిగుండ కిరణములు మరింత దూరును. కమిలినచోట చన్నీరు పోయుడు, పొక్కులు చిదుపకుడు. పసిబిడ్డలను ఆ వేళ అరుగు దిగనీయకుడు.